జేబులో కుట్టుమిషన్

అట్టల మాస్టారు షాపు తలుపు తీశాక చేసే మొదటి పని లైటు వెయ్యడం కాదు, జిగురు గిన్నె మూత తియ్యడం కాదు, చెల్లెలికి ఫోను చెయ్యడం. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పి ఎరగడు. పుస్తకాలకి అట్టలు కడతాడు గనక అట్టలు, నలభై ఏళ్ళుగా పుస్తకాల మధ్యే బతికాడు గనక మాస్టారు. రెండూ కలిపి వీధివాళ్ళు అతికించిన పేరు. జిగురు గట్టిది కాబోలు, ఇంతవరకు ఊడలేదు.

"మొదలెట్టావా?" అంటాడు ఆయన.

"ఆ, కూర్చున్నా" అంటుంది చెల్లెలు, బస్సులో మూడు గంటల దూరాన్నించి.

ఆ రోజుకి వాళ్ళ మాటలు దాదాపు అయిపోయినట్టే. కానీ ఫోను పెట్టెయ్యరు. ఆయన స్పీకరు నొక్కి ఫోన్ని బల్ల చివర, అట్టలకి తొడిగే కాలికో గుడ్డ చుట్ట మీద ఆనిస్తాడు. ఆవిడ తన ఫోన్ని కిటికీలో పెట్టుకుంటుంది. సాయంత్రం షాపు మూసేదాకా ఆ లైను తెరిచే ఉంటుంది. ఇటునుంచి సుత్తి దెబ్బలు అటు వెళతాయి. అటునుంచి తొక్కుడు మిషన్ చప్పుడు ఇటు వస్తుంది. సుత్తి ఆగితే "టీ తాగుతున్నావా?" అని అటునుంచి ఒక ముక్క. మిషన్ ఆగితే "దారం తెగిందా?" అని ఇటునుంచి ఒక ముక్క. సెల్లు కొన్నదే చెల్లెలి కోసం, మిగతా లోకానికి చెల్లదు అన్నది ఆయన తరచూ అనే మాట. ఎవరైనా నవ్వేదాకా అంటూనే ఉంటాడు.

"మాట్లాడుకోకుండా ఫోను బిల్లు కట్టేవాళ్ళు ఈ భూమ్మీద మీరిద్దరే" అంటుంది ఇంటావిడ. "మూగవాళ్ళు కూడా మీకంటే నయం, చేతులైనా ఊపుకుంటారు."

ఆయన జవాబు చెప్పడు. చెప్పాలంటే ఆ పాత గది సంగతి చెప్పాలి. ఒక గోడ వైపు నాన్న పుస్తకాలు కుట్టేవాడు, ఎదురు గోడ వైపు అమ్మ బట్టలు కుట్టేది. మధ్యలో నేల మీద పడ్డ కాగితం ముక్కలన్నీ అన్నవి, గుడ్డ ముక్కలన్నీ చెల్లెలివి. "ఇంటిల్లిపాదీ కుట్టేవాళ్ళమే, కుట్ర ఒక్కటే మనకి చేతకాదు" అని నాన్న నవ్వేవాడు. ఆ గది ఇప్పుడు లేదు, ఆ స్థలంలో కొత్త ఇంటి మెట్లు లేచాయి. నాన్న బల్ల ఆయనకి వచ్చింది, అమ్మ మిషన్ ఆవిడతో వెళ్ళింది. పొద్దున్నే లైను కలవగానే మాత్రం ఆ రెండు గోడలూ తిరిగి ఎదురెదురుగా వచ్చి నిలబడతాయి. ఇది ఇంటావిడకి ఎలా చెప్పడం? చెబితే "గోడలకి ఫోనెందుకు" అంటుంది.

ఆ రోజు పొద్దున నంబరు నొక్కితే చెల్లెలి గొంతుకి బదులు తేనె పూసిన ఇంకో గొంతు పలికింది. "ప్రియమైన వినియోగదారులకు..."

ఆయన చేతిలోని దబ్బనం ఆగింది. ప్రియమైన అని పిలిచారంటే ఏదో ప్రియం కాబోతోందని ఆయన అనుభవం. అంతకంటే పెద్దదే వచ్చింది. రెండు నంబర్లు కలిపి తీసుకున్న జోడీ పథకంలో ఇకమీదట ఒక్కో ఫోను కాలు ఇరవై నిమిషాలకి మించదు. రోజుకి మూడు కాల్సే. వచ్చే ఒకటో తారీకు నుంచి అమలు. వివరాలు ఇదివరకే ఉత్తరంలో పంపాం. ధన్యవాదాలు.

గొంతు పోయి చెల్లెలు వచ్చింది.

"విన్నావా చిన్నీ?" అన్నాడు ఆయన. యాభై నాలుగేళ్ళొచ్చినా ఆవిడ ఆయనకి చిన్నీయే.

"విన్నా." మిషన్ రెండు చుట్లు తిరిగి ఆగింది. "పోనీలే అన్నయ్యా. ఇరవై నిమిషాలు మాత్రం తక్కువా? క్షేమం కనుక్కోవడానికి చాలవూ?"

"క్షేమం కనుక్కోవడానికి కార్డు ముక్క చాలు. ఇది అందుకు తీసుకున్నామా?" ఆయన గొంతు లేచింది. "ఇంకా పధ్నాలుగు నెలలుంది ఒప్పందం. ఒప్పించి సంతకం పెట్టించుకున్నప్పుడు ఒప్పందం, ఇప్పుడేమో తప్పందం! నేను ఊరుకోను."

అటునుంచి మిషన్ మొదలైంది.

ఒకటో తారీకుకి మూడు రోజులుంది. ఆయన జిగురు మీద మూత పెట్టి, చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని కంపెనీ వారి షాపుకి బయలుదేరాడు.

అక్కడ గోడలు తెలుపు, కుర్చీలు తెలుపు, కౌంటరు వెనక అమ్మాయి నవ్వూ తెలుపే. ఆయన వేళ్ళ సందుల్లో మాత్రం నలభై ఏళ్ళ మైలుతుత్తం నీలం. జిగురులో పురుగు పట్టకుండా కలిపేది అదే. ఆ వేళ్ళని బల్ల కింద దాచుకుని కూర్చున్నాడు.

"మీరు ముందే వదిలేస్తే మిగిలిన నెలల బిల్లంతా ఒకేసారి కట్టాలండీ" అంది అమ్మాయి, తెరవైపు చూస్తూ. "రెండేళ్ళదాకా కాంట్రాక్టు బైండింగ్ అండీ."

ఆయన ముఖం విప్పారింది. నలభై ఏళ్ళ తర్వాత ఎవరో ఆయన భాషలో మాట్లాడారు.

"చూడమ్మాయ్, బైండింగ్ సంగతి నాకు చెప్పకు. నా చేత్తో కొన్ని వేలు చేశాను. విప్పడానికి వీల్లేని బైండింగ్ నేనింతవరకు చూడలేదు. పైగా మధ్యలో పేజీలు మార్చింది మీరు. మీరు లోపలి కాగితాలు మార్చి కుట్టుకోవచ్చు, నేను అట్ట ముట్టుకోకూడదు. ఇదెక్కడి పద్ధతి?"

అమ్మాయి మొదటిసారి తెర మీదనుంచి కళ్ళు తిప్పి ఆయన్ని చూసింది. ఆ నవ్వులో కొంచెం రంగు వచ్చింది. గొంతు తగ్గించి అంది. "ఒక దారుందండీ. షరతులు మారిస్తే ఇష్టంలేనివాళ్ళు ముప్ఫై రోజుల్లోగా ఏమీ కట్టకుండా వెళ్ళిపోవచ్చు. మీకు పోస్టులో ఉత్తరం వచ్చింది కదా, దాని మీద పదహారు అంకెల సంఖ్య ఉంటుంది. అది కొడితేనే సిస్టమ్ ఒప్పుకుంటుంది."

"అదేదో నువ్వే చూసి కొట్టు తల్లీ."

"మాకు కనపడదండీ. ఉత్తరం తేవాలి. జోడీ కాబట్టి ఈ కాగితం మీద రెండో నంబరు వాళ్ళ సంతకం కూడా కావాలి. ఎల్లుండి సాయంత్రం లోపల."

"తెస్తాను. ఉత్తరానిదేముంది, మంచి దళసరి కాగితం, నాకు బాగా గుర్తు..."

అంటూండగానే ఆయనకి నిజంగానే గుర్తొచ్చింది. ఉత్తరంలో ఏముందో కాదు, ఆయన దాన్ని చదవనేలేదు. గుర్తొచ్చింది కాగితం. కవరు చించి, బొటనవేలితో చూపుడువేలితో నలిపి చూసి, "వీపుకి బాగుంటుంది" అనుకోవడం గుర్తొచ్చింది. బైండింగు చేసేవాడి చేతికి వచ్చిన ఏ కాగితమూ ముందు కాగితమే, ఆ తర్వాతే ఉత్తరం. దాన్ని నిలువునా మూడు పట్టీలుగా కోసి, జిగురు రాసి, ఒక లావుపాటి పుస్తకం వీపు మీద ఒకదానిమీద ఒకటి అతికించి, పైన అట్ట బిగించేశాడు. ఆ నెలలో అంత లావు పుస్తకం వచ్చింది ఒక్కటే.

పురుళ్ళ నర్సమ్మ రిజిస్టరు.

*

నర్సమ్మ ఉద్యోగం మానేసి పన్నెండేళ్ళయింది. తాను పురుడు పోసిన ప్రతి బిడ్డనీ తారీకు, వేళ, బరువులతో సహా సొంతంగా ఒక పుస్తకంలో రాసుకుంది. పుస్తకాలు ఏడయితే అన్నిటినీ కలిపి ఒక్క సంపుటంగా కుట్టించుకుంది. తలుపు తీసి మాస్టారిని చూడగానే ఆవిడ, "ఏం మాస్టారూ, డబ్బులు ముట్టలేదా?" అంది.

"ముట్టాయమ్మా. పుస్తకం ఎలా ఉందో ఒకసారి..."

"దివ్యంగా ఉంది. మొన్న బీరువా మీదనుంచి పడింది. నేల పగిలిందేమోగానీ పుస్తకం చెక్కు చెదరలేదు."

తన పనితనాన్ని ఎవరైనా మెచ్చుకుంటే ఏడుపు రావడం ఆయనకి అదే మొదటిసారి. కుర్చీ అంచున కూర్చుని సంగతంతా చెప్పాడు. నర్సమ్మ వింటూ వింటూ కళ్ళజోడు తీసేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నవ్వుతో.

"అయితే నా పుస్తకం కడుపుతో ఉందన్నమాట!"

"అవునమ్మా."

"నెలలు నిండాయా?"

"రోజుల లెక్కమ్మా. ఇరవై ఏడు నిండాయి. ముప్ఫై దాటితే ప్రమాదం."

"మామూలుగా అయిపోతుందా, కోత పెట్టాలా?"

"కోతే."

"వేడినీళ్ళు కావాలా మరి?"

"నిజంగానే కావాలమ్మా. జిగురు నానాలి."

ఆవిడ నవ్వు ఆపుకుంటూనే నీళ్ళు కాచి తెచ్చింది. బల్ల మీద పాత దుప్పటి పరిచింది. ఆయన సంచీలోంచి సన్నకత్తి, మడతలు నొక్కే పుల్ల, స్పాంజీ ముక్క తీసి వరసగా పెట్టుకుంటుంటే చప్పుడు లేకుండా పక్కన నిలబడింది. ఆ నిలబడడంలో అలవాటు ఉంది. ఆయన పుస్తకాన్ని బోర్లా పడుకోబెట్టి, వీపు కీలు వెంట కత్తి మొన ఆనించి, ఆగిపోయాడు.

"ఏమైంది?"

"నా చేత్తో కట్టింది నా చేత్తోనే కొయ్యలేదమ్మా ఎప్పుడూ."

"కొయ్యండి. మొదటి గీత దగ్గరే చెయ్యి వణికేది. తర్వాత దారి అదే తెలుస్తుంది."

కాలికో గుడ్డ పలచని చప్పుడుతో విడిపోయింది. ఆయన తడి స్పాంజీని అద్ది, ఒత్తి, నూరు అంకెలు లోపల లెక్కపెట్టుకుని, పుల్ల మొనతో ఒక అంచు లేపాడు. ఎంత నెమ్మదిగా లాగాడంటే, పక్కింట్లో కుళాయి కట్టేసిన చప్పుడు కూడా వినపడింది. తెల్లటి పట్టీ వంపు తిరుగుతూ పైకి వచ్చింది.

"ఒకటి" అంది నర్సమ్మ. "ఇంకా ఉందా?"

"ముగ్గురమ్మా."

"ముగ్గురా! నా సర్వీసంతటికీ ముగ్గురు ఒక్కసారే చూశాను."

మూడో పట్టీ దగ్గర జిగురు మొండికేసింది. ఆయన నుదుటి చెమటని నర్సమ్మే గుడ్డతో అద్దింది. అదీ వచ్చాక మూడింటినీ దుప్పటి మీద పక్కపక్కన పేర్చి చూశారు. సగం తిరగబడ్డ సిరా మరకల మధ్య "ప్రియమైన" అనే పెద్దక్షరాల మాట మూడు ముక్కలై ఉంది. దాని కింద పదహారు అంకెలు. ఐదు ఒక పట్టీలో, ఆరు ఒక పట్టీలో, ఐదు ఒక పట్టీలో. అన్నీ బతికే ఉన్నాయి.

ఆయన వీపు మీద కొత్త కాగితం వేసి, అట్ట మళ్ళీ బిగించి, బరువు కింద పెట్టేసరికి సాయంత్రం అయింది. పుస్తకం ఆరేదాకా ఇద్దరూ టీ తాగారు.

"రోజంతా లైను తెరిచి ఉంచుతారు సరే, ఏం మాట్లాడుకుంటారు?" అని అడిగింది నర్సమ్మ.

"ఏమీ మాట్లాడుకోమమ్మా."

ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. కప్పు కింద పెట్టి, "పురిటి గదిలో నేనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు" అంది. రిజిస్టరు చివరి పేజీ తెరిచి, ఆ రోజు తారీకు వేసి, పక్కన రాసింది: "కాగితాలు మూడు. తల్లి క్షేమం."

*

మర్నాడు పొద్దున ఆయన షాపు తియ్యలేదు. ఇంటి గుమ్మంలోనే నిలబడి ఫోను చేశాడు. "మొదలెట్టావా?" అంటే "ఆ, కూర్చున్నా" అంది చెల్లెలు. వస్తున్నానని చెప్పలేదు. చెబితే వద్దంటుంది, బస్సులో నడుం నొప్పంటుంది. "ఇవాళ బయట పనుంది, సుత్తి వినపడదు. నువ్వు మాత్రం కానియ్" అని, లైను తెరిచే ఉంచి, ఫోన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. పట్టీలు మూడూ అట్టముక్క మీద అతికించి సంచీలో పెట్టుకున్నాడు. సంతకం కాగితం దాని పక్కనే.

ఇంటావిడ గుమ్మందాకా వచ్చి, "మూడు గంటలు పోయి, మూడు గంటలు వచ్చి, ఏం తెస్తున్నారూ అంటే ఒక సంతకం. మీ చెల్లెలితో ఎదురుగా కూర్చుని అయినా నాలుగు ముక్కలు మాట్లాడతారో, అక్కడ కూడా ఫోనులోనే కానిస్తారో" అంది. అంటూనే సంచీలో నీళ్ళసీసా పెట్టింది.

బస్సు ఊరు దాటేదాకా ఎవరూ పట్టించుకోలేదు. రోడ్డు సాఫీ అయ్యి ఇంజను సద్దుమణిగాక పక్క సీటులో ఉన్న ముసలాయన చెవి రిక్కించాడు.

"ఏవండీ, మీ జేబులో ఎవరో కుడుతున్నట్టున్నారు?"

"మా చెల్లెలండీ" అన్నాడు మాస్టారు గర్వంగా. "జేబు చిరిగితే అక్కడికక్కడే కుట్టేస్తుంది."

ముసలాయన నవ్వి పడుకున్నాడు. ముందు సీటులో బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ మాత్రం వెనక్కి తిరిగింది. షర్టుల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు పనిచేసిందట. కాసేపు తల వాల్చి వింది.

"తొక్కుడు మిషనే కదండీ?"

"మా అమ్మదండీ. ఇప్పటికీ ఎంత తేలిగ్గా నడుస్తోందో చూడండి."

"తేలిగ్గా నడవదూ మరి! ఉత్తినే తిరుగుతోంది. కింద గుడ్డ లేదు."

"గుడ్డ లేకుండా ఎవరైనా ఎందుకు తొక్కుతారమ్మా?"

"ఏమోనండీ. గుడ్డ ఉంటే సూది దిగేటప్పుడు ఒక బరువు వినపడుతుంది. ఇది గాల్లో దిగుతోంది." ఆవిడ భుజాలెగరేసి అటు తిరిగింది.

మాస్టారికి చిరాకేసింది. ఫ్యాక్టరీ కరెంటు మిషన్ల మోతలో ఉన్నవాళ్ళకి అమ్మ మిషన్ గురించి ఏం తెలుసు? జేబుని అరచేత్తో కప్పుకున్నాడు. కప్పుకున్నా గుండె మీద మిషన్ తిరుగుతూనే ఉంది. ఆగకుండా, ఒకే నడకలో. చంక దగ్గర తిరిగేచోట నెమ్మదించడం లేదు. కాలరు దగ్గర ఆగి ఆగి పోవడం లేదు. మిగిలిన దారంతా ఆయన కిటికీ బయటికి చూడలేదు.

చెల్లెలి వీధిలోకి తిరిగి నాలుగిళ్ళు నడిచేసరికి చప్పుడు రెండు అయింది. ఒకటి జేబులోంచి, ఒకటి ముందున్న గుమ్మంలోంచి. జేబులోది ఒక్క లిప్త వెనకబడి వస్తోంది. గుమ్మం దగ్గరవుతున్నకొద్దీ అసలుది పెరిగి, జేబులోది దాని ప్రతిధ్వని అయిపోయింది. ఆయన చెప్పులు విడిచి, పిలవకుండా లోపలికి తొంగిచూశాడు.

చెల్లెలు కిటికీ పక్కన మిషన్ ముందు కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. పాదాలు మాత్రం తొక్కుతున్నాయి. రీలు పుల్లకి రీలు లేదు. సూదికి దారం లేదు. సూది కింద ఒక కాగితం ముక్క కదలకుండా ఉంది, ఒకే చోట లక్ష పోట్లు పడి అక్కడ కాగితం మెత్తగా పొడి అయిపోయింది. గది గోడలకి బట్టలు వేలాడే కొక్కేలన్నీ ఖాళీ.

"చిన్నీ" అన్నాడు ఆయన.

ఆ పిలుపు కిటికీలో ఉన్న ఫోనులోంచి కూడా వచ్చింది. ఆవిడ ముందు ఫోనువైపే తిరిగి, "ఆ అన్నయ్యా" అంది. ఆ తర్వాత ఆ గొంతు దగ్గర్లోనే ఉందని తెలిసి, పాదాలు ఆగాయి. చక్రం తనంతట తాను ఇంకో మూడు చుట్లు తిరిగి నిలబడింది.

ఆయన గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు ఆయన, కొక్కేలవైపు చూస్తూ.

"ఎనిమిది నెలలు." ఆవిడ లేచి, తడుముకోకుండా కుర్చీ తెచ్చి వేసింది. "మనిషి కనపడతాడు. కుర్చీ కనపడుతుంది. సూది బెజ్జమే కనపడదు. డాక్టరు చూశాడు. ఇంతకంటే చెడదు, ఇంతకంటే బాగుపడదు అన్నాడు. కుట్టించుకునేవాళ్ళకి చెప్పేశాను. వాళ్ళకి చెప్పడం తేలికే."

"నాకు చెప్పడానికేం?"

"రోజూ పొద్దున్నే మొదలెట్టావా అంటావు. మొదలెట్టలేదని ఎలా అననూ? ఒకరోజు ఆపి చూశాను. ఐదు నిమిషాలు కాలేదు, ఏమే, దారం తెగిందా అన్నావు. తెగిందన్నా. మర్నాడూ తెగిందన్నా. రోజూ ఎన్నిసార్లు తెంపను అన్నయ్యా, లేని దారాన్ని?"

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నీలం వేళ్ళు.

"రోజంతా తొక్కుతున్నావా?"

"మధ్యమధ్య లేస్తాను. మీ బావగారు డ్యూటీకి వెళ్ళబోతూ, మోకాళ్ళు అరగదీసుకుంటున్నావు, మీ అన్నయ్య మోకాళ్ళు పంపిస్తాడా అంటారు." ఆవిడ నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. "నిన్న ఆ కంపెనీ మాట విన్నాక నాకు హాయనిపించింది. నిజం చెబుతున్నా. నా నోటితో చాలు అననక్కర్లేదు, వాళ్ళే ఆపేస్తున్నారు. ఇరవై నిమిషాలయితే తొక్కగలను."

ఆయన సంచీలోంచి అట్టముక్క తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పట్టీల మీద జిగురు ఇంకా మెరుస్తోంది. దీనికోసం నిన్న ఒక పుస్తకం కోశాడు. కంపెనీ వాడు చెల్లెలికి చెయ్యబోయిన మేలుకి అడ్డం పడడానికి మూడు గంటలు బస్సెక్కి వచ్చాడు. నోట్లోకి ఏదో ఛలోక్తి వచ్చింది. మింగేశాడు. అది కూడా ఆయనకి మొదటిసారే.

"సరే" అన్నాడు లేవబోతూ. "ఇరవై నిమిషాలే ఉండనీ. ఈ కాగితం వద్దులే."

"కూర్చో. నేనింకా చెప్పలేదు." ఆవిడ మిషన్ బల్ల మీద చెయ్యి ఆనించింది. "హాయనిపించింది పొద్దున. మధ్యాహ్నం నువ్వు ఎక్కడికో వెళ్ళావు, సుత్తి లేదు. లైనుందిగానీ సుత్తి లేదు. అప్పుడు తెలిసింది. నేను తొక్కుతున్నది నీకోసమని ఇన్నాళ్ళూ అనుకున్నా. కాదు. మిషన్ ఆగితే నువ్వు ఇంకేం వినాలని ఫోను పెట్టుకుంటావు? పెట్టేస్తావు. అప్పుడు నాకు సుత్తి ఉండదు. అందుకు తొక్కాను."

"పెట్టేస్తానని ఎవరన్నారే?"

"నువ్వు మిషన్ వినడానికే కదా చేస్తావు?"

అమ్మ గోడ, నాన్న గోడ, నేల మీది ముక్కలు అన్నీ ఆయన కళ్ళ ముందుకి వచ్చాయి. చివరికి, "నీ కాలు నొప్పెడుతుంటే నాకు మిషన్ ఎందుకే, పిచ్చిదానా" అన్నాడు.

ఆవిడ చెయ్యి చాపింది. "కాగితం ఎక్కడ?"

ఆయన సంతకం పెట్టాల్సిన చోట తన వేలు ఆనించి చూపించాడు. ఆవిడ ఆ వేలిని తాకి చూసుకుని, దాని పక్కనుంచి కలం సాగించింది. సంతకం గీత దిగి, కింది గడిలోకి పోయింది. ఆ గడిలో "కార్యాలయ ఉపయోగం కొరకు మాత్రమే" అని ఉంది.

"కుట్టు పక్కకి పోయిందా?" అంది.

"నేరుగానే ఉంది" అన్నాడు ఆయన.

*

మూడో రోజు కౌంటరు అమ్మాయి అట్టముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. పక్క కౌంటరువాళ్ళని పిలిచి చూపించింది. పదహారు అంకెలూ కొట్టింది. సిస్టమ్ ఒప్పుకుంది.

"ఇక్కడ కారణం అడుగుతోందండీ. ధర నచ్చలేదు, సిగ్నల్ లేదు, సేవ నచ్చలేదు, ఇతరములు. ఏది నొక్కమంటారు?"

"ఇతరములు."

"ఏమని రాయను?"

ఆయన ఆలోచించాడు. "ఇరవై నిమిషాలు చాలవని రాయమ్మా."

అమ్మాయి రాసింది. ఇంకో కంపెనీ వాళ్ళది ఎదురు వీధిలోనే. పాత నంబర్లే ఉంచి, ఫోను కాలుకి హద్దు లేని పథకం ఇచ్చారు. ఈసారి ఉత్తరాలు పోస్టులో వద్దని ఆయన మరీ మరీ చెప్పాడు. "నా చేతికి కాగితమిస్తే నాకే నమ్మకం లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున షాపు తలుపు తీసి నంబరు నొక్కాడు. తేనె గొంతు లేదు. నేరుగా చెల్లెలే.

"మొద..." అని ఆగాడు. ఆ మాటకి ఇప్పుడు అర్థం లేదు. ఇంకో మాట తయారుగా లేదు. "ఏం చేస్తున్నావే?" అన్నాడు.

"కాళ్ళు చాపుకుని కూర్చున్నా."

"అలాగే కూర్చో."

ఫోన్ని కాలికో చుట్ట మీద ఆనించి సుత్తి అందుకున్నాడు. నాలుగు దెబ్బలు వేశాడు. అటునుంచి మిషన్ లేదు. ఇన్నాళ్ళూ మిషన్ కింద అణిగి ఉన్న చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే పైకి వచ్చాయి. అటు వీధిలో సైకిలు గంట. ఏదో గిన్నె. కుర్చీ కిర్రు. చెల్లెలు దగ్గడం. ఆవిడ ఊపిరి ఇంత దగ్గరగా ఆయన ఎప్పుడు విన్నాడో? ఒకే దుప్పటి కింద పడుకున్న రోజుల్లో విని ఉంటాడు. ఇంకో రెండు దెబ్బలు వేశాడు. చెయ్యి బరువుగా ఉంది. అమ్మ గోడ ఖాళీగా ఉంది. అది ఖాళీయేనని ఒప్పుకోవడానికి ఆయనకి ఒక గంట పట్టింది.

"అన్నయ్యా, ఇప్పుడు కుట్టేది ఏం పుస్తకం?"

"ఆకుపచ్చ కాలికో. పన్నెండు ఫారాలు. గ్రంథాలయం వాళ్ళది, వీపు పూర్తిగా పోయింది."

"అది కాదు. లోపల ఏముంది?"

ఆయన బిత్తరపోయాడు. నలభై ఏళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆయనా అడుక్కోలేదు. పుస్తకమంటే ఆయనకి మార్జిను, మడత, బరువు. అక్షరాలు మార్జినుకి అవతలి సంగతి.

"ఏమో" అన్నాడు. "నేను చూడలేదు."

"చూడు."

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. పైనున్న ఫారం, అంటే మడత పెట్టిన పదహారు పేజీల కట్ట, తీసి వెలుతురుకి పట్టాడు. "నవలలా ఉందే. మొదటి పదహారు పేజీలూ లేవు. పదిహేడు నుంచి ఉంది."

"మొదట్లో ఏమయిందో మరి?"

"ఎవరికి తెలుసు? చిరిగిపోయింది."

"పర్లేదు. పదిహేడు నుంచే చదువు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. మొదటి వాక్యం రెండుసార్లు తడబడ్డాడు. పేజీలో ఒకావిడ రైలు దిగి, ప్లాట్‌ఫారం మీద పెట్టె పెట్టి, తనకోసం రావలసిన మనిషికోసం చూస్తోంది. ఆ మనిషి రాలేదు.

"గట్టిగా" అంది చెల్లెలు.

ఆయన గట్టిగా చదివాడు. ఇంటావిడ అన్నం క్యారియరు పట్టుకుని వచ్చి, ఎవరితో పోట్లాడుతున్నారోనని గుమ్మంలో ఆగి, ఒక పేజీ నిలబడి విని, ఆ తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ పెట్టెలో ఏముందిట?" అని అడిగింది. "ఉండు వదినా, అన్నయ్యని చెప్పనీ" అంది ఫోను.

మూడింటికి గ్రంథాలయం ఆయన సైకిలు దిగి లోపలికి వచ్చాడు. బల్ల మీద ఫారాలు విడివిడిగా పడి ఉన్నాయి. సూదీ దారం ముట్టుకున్న జాడ లేదు. జిగురు మీద మీగడ కట్టింది.

"ఏం మాస్టారూ, ఇవాళ ఇస్తానన్నారు. అయిందా?"

మాస్టారు పేజీ మీదనుంచి తల ఎత్తకుండా చెయ్యి ఊపాడు.

"ఎల్లుండి రండి. మేమింకా సగంలోనే ఉన్నాం."